జాజు పట్టె

నాచారం,
శ్రావణ మాసం, బుధవారం.

ప్రియమైన బావకు,

హిమజ రాస్తున్నది. నేను, అత్తమ్మ ఇక్కడ కులాసా. ఆ వానల్లో, ఆ బురదలో నువ్వు కూడా వేళకు తింటూ, తడిసిన బూట్లు ఆరబెట్టుకుంటూ ఆరోగ్యంగా ఉన్నావనే అనుకుంటున్నాం.

నీ ఉత్తరం, నీతో సొరంగం పనిలో ఉన్న కళ్యాణ్ తెచ్చి ఇచ్చాడు. సెలవు మీద వచ్చినవాడు సొంతింటికి కూడా పోకుండా, సికింద్రాబాదులో రైలు దిగి నేరుగా మన ఇంటికే వచ్చాడు. అత్తమ్మ అతనికి వేడివేడి సర్వపిండి పెట్టి, "మా నరేందర్ సన్నబడ్డడా? నిజం జెప్పు" అని అడిగింది. "లేదమ్మా, జర నల్లబడ్డడు, అంతే" అన్నాడు కళ్యాణ్. "సొరంగంల ఎండ యేడిది నల్లబడనీకె? నువ్వు అబద్ధం జెప్తున్నవ్, ఇంకోటి తిను" అని అతని పళ్లెంలో ఇంకొక సర్వపిండి వేసింది.

ఎల్లుండి అతను తిరిగి బయల్దేరుతున్నాడు. ఈ ఉత్తరం, ఒక డబ్బాడు నువ్వుల లడ్డూలు, నీ ఉన్ని మేజోళ్లు అతని చేతికే ఇస్తున్నాను. నువ్వు కొండ దిగి ఊళ్లోకి వచ్చి ఫోన్ చేసినప్పుడల్లా మనం "తిన్నవా", "తిన్న" అనే మాటల దగ్గరే ఆగిపోతున్నాం. మిగతాది చెప్పేలోపు సిగ్నల్ పోతుంది. అందుకే నువ్వు ఉత్తరం రాయమన్నప్పుడు నాకు నవ్వొచ్చినా, కూర్చుని రాస్తుంటే బాగానే ఉంది.

ఇంటి పని ఎంతవరకు వచ్చిందని అడిగావు. టైల్సు ఏ రంగువి, హాల్లో సీలింగు లైట్లు పెట్టించానా, వంటింటి అరలు వచ్చాయా, గాజు టీపాయ్ భద్రంగా ఉందా అని అడిగావు. అమ్మ ఎందుకు వీడియోలోకి రావడం లేదని కూడా అడిగావు. ఒక్కొక్కటే చెప్తాను. అత్తమ్మ సంగతి మాత్రం చివర చెప్తాను. మధ్యలో వదిలేసి అక్కడికి పోకు.

నువ్వు వెళ్లేనాటికి ఇల్లు ఎలా ఉందో గుర్తు తెచ్చుకో. ఎవరో ఫ్యాక్టరీ మేనేజరు గారు ఇష్టపడి కట్టించుకుంటే మనం కొనుక్కున్న బంగళా, ముందు వెడల్పాటి వరండా, మధ్యలో హాలు, హాలు నుంచి వెనక గదులకూ వంటింటికీ పోయే పొడుగాటి నడవ. మౌలాలి రైల్వే క్వార్టర్లో పెళ్లైన దగ్గరి నుంచి మోచేతులు తగిలించుకుంటూ వండుకున్న నాకు, మామయ్య పోయాక కూడా ఆ క్వార్టరు వాసనే తన వాసన అనుకున్న అత్తమ్మకు, ఇంత జాగా ఏం చేసుకోవాలో తెలియలేదు. అందుకే ఉప్పల్‌లో ఆఫీసు పెట్టుకుని ఇళ్ల లోపలి పనులు చేయించే గిరిప్రసాద్ గారికి నువ్వు అంతా అప్పజెప్పి వెళ్లావు. తెల్లటి మెరుపు నేల, పైన వరుసగా లైట్లు, ఎర్రగా తళతళలాడే వంటింటి అరలు. ఫొటోలు చూసుకుని మురిసిపోయాం ఇద్దరం.

బావా, అందులో ఒక్కటీ చేయించలేదు. కోప్పడకుండా చదువు.

గిరిప్రసాద్ గారు టైల్సు నమూనాలు తెచ్చి వరండాలో పరిచిన రోజు అత్తమ్మ కాళ్లు కడుక్కుని వచ్చి, తడికాలు తీసి ఒక దాని మీద పెట్టింది. వెంటనే వెనక్కి తీసుకుంది.

"గిదేంది బిడ్డా, నేలనా అద్దమా? కాలు బెడితె జారుతది, కన్ను బెడితె మెరుస్తది."

"ఇప్పుడంతా ఇదేనమ్మా" అన్నారాయన. "గచ్చిబౌలిలో ఏ ఇంటికెళ్లినా ఇదే వేయిస్తున్నారండీ."

"గచ్చిబౌలోల్లను గచ్చిబౌల్లనే నడువనియ్యి. నేను నాచారంల నడువాలె."

ఆయనది భీమవరం వైపు. ఎంత మాటన్నా నొచ్చుకోరు. నవ్వి, నమూనాలు తిరిగి కారులో పెట్టుకున్నారు. హాల్లో ఉన్న పాత టైల్సు మాత్రం అక్కడక్కడా పగిలి ఉన్నాయి కదా, వాటిని తీయిద్దామన్నారు. తీస్తుంటే కింద షాబాద్ బండలు బయటపడ్డాయి. ఇల్లు కట్టిన కొత్తలో వేయించినవట, ఎవరికో పాతకాలం అనిపించి పైన టైల్సు కప్పేశారు. అంటుకున్న సిమెంటు గీకి, చింతపండు పులుసుతో రుద్ది కడిగితే వానాకాలం మబ్బు రంగులో తేలాయి. హాలు నేల అదే ఉంచాం. నడవలో మాత్రం తాండూరు బండ, అదీ నునుపు పట్టనిది, గరుకుగా, లేత పసుపు రంగులో. అలా అయితే తుడవడం కష్టం కదా అంటావు. కష్టమే. పనిచేసే యాదమ్మ రోజూ గిరిప్రసాద్ గారిని తలుచుకుంటూనే తుడుస్తున్నది.

గోడలకు సున్నం వేయించాం. అందులో కాస్త పసుపు మన్ను కలిపించాను. పొద్దున కిటికీలోంచి ఎండ పడితే పెరుగన్నం మీద పోపు నూనె పాకినట్టుగా, మెత్తటి రంగు వస్తుంది. సీలింగులో లైట్లు లేవు. ఉప్పల్ రింగురోడ్డు పక్కన వెదురు బుట్టలు అల్లేవాళ్ల దగ్గర పెద్ద బుట్టలు కొని, బోర్లించి, లోపల బల్బులు పెట్టించాను. వెలుతురు కళ్లలో గుచ్చకుండా బుట్ట సందుల్లోంచి జల్లెడ పట్టినట్టు దిగుతుంది. "కోడి పిల్లల గంప కింద కూసున్నట్టున్నది" అన్నది అత్తమ్మ మొదటి రోజు. ఇప్పుడు ఆ గంప కిందే కూర్చుని బియ్యం ఏరుతుంది. హాలు కిటికీకి వట్టివేళ్ల తడక కట్టించాం. ఎండాకాలమంతా మధ్యాహ్నం నీళ్లు చల్లితే ఇల్లంతా ఆ వాసనే. వంటింటి గుమ్మం పక్కన మరువం కుండీ, వెనక గది దగ్గర కరివేపాకు. ఇక నీ గాజు టీపాయ్ మా ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసే ఆమె ఇంటికి పోయింది. నీ స్నేహితులు పెళ్లికి ఇచ్చిన కానుక అని తెలుసు. నువ్వు వచ్చినప్పుడు తిట్టుదువుగాని.

బల్లలు, అరల పని కనకరాజుది. మల్లాపూర్ నుంచి స్కూటర్ మీద వస్తాడు. పనివాడే గానీ మొండివాడు. ప్రతి బల్లకూ, ప్రతి అరకూ మూలలు గుండ్రంగా చేయమని నేనంటే వినడు.

"గుండ్రంగ జేస్తె షేపు పోతదక్కా. చిన్నపోరగాండ్ల బడిల బెంచీ లెక్క అయితది."

అత్తమ్మ అక్కడే నిలబడి, "షేపు నీది, మోకాలు నాది. యేది ముఖ్యమో నువ్వే జెప్పు" అన్నది.

కనకరాజు రంపం కింద పెట్టి ఉలి తీశాడు. ఆ రోజంతా మూలలు చెక్కుతూనే ఉన్నాడు.

కలప కోసం నారపల్లి పోయిన సంగతి చెప్పాలి. వరంగల్ రోడ్డు మీద, కొత్త వెంచర్ల గేట్లు దాటాక, కూల్చిన పాత ఇళ్ల దూలాలు, దర్వాజలు అమ్మే చోటు ఒకటి ఉంది. గిరిప్రసాద్ గారి కారులో ముగ్గురం పోయాం. అత్తమ్మ ముందు సీట్లో కూర్చుని, ఒకప్పుడు ఇక్కడ జొన్నచేన్లు ఉండేవని, మామయ్యతో సైకిల్ మీద వచ్చి కాల్చిన పచ్చిజొన్నల ఊచబియ్యం కొనుక్కుపోయేవాళ్లమని చెప్తూనే ఉంది. అక్కడ దుకాణదారు ఒక దర్వాజ చూపించి బర్మా టేకన్నాడు. అత్తమ్మ దాన్ని అరచేత్తో కిందినుంచి పైదాకా తడిమింది, గోరుతో గీరి వాసన చూసింది.

"ఇది వేప. మా తల్లిగారింట్ల గిసొంటిదే ఉండె."

"అవ్వా, రంగు సూడు, టేకు రంగున్నది."

"రంగు నువ్వేసినవ్. వాసన యేడికెళ్లి ఏస్తవ్?"

అతను పడీ పడీ నవ్వాడు. "సరే, వేపనే. గని మంచి వేప, అరవై ఏండ్లది" అన్నాడు. అత్తమ్మకు వేపే కావలసింది. ఆ దర్వాజ ఇప్పుడు హాలుకూ నడవకూ మధ్య ఉంది. దాని నిలువు కమ్మీల మీద ఎవరో ఎప్పుడో చెక్కిన తీగలు, చిలకలు ఉన్నాయి. మిగిలిన దూలాలతో గోడ వెంట ఒక పొడుగాటి బెంచీ, వంటింట్లో అరలు చేయించాం. అరల తలుపులకు బెత్తం అల్లిక. ఎర్రటి మెరుపు అరలు కావవి. కానీ గాలి ఆడి పప్పులకు పురుగు పట్టడం లేదు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. ఇంతసేపూ దీన్ని దాటవేస్తూ వచ్చాను. ఇప్పుడు కూడా పెన్ను పక్కన పెట్టి ఒకసారి వంటింట్లోకి పోయి వచ్చాను.

అత్తమ్మకు చూపు బాగా తగ్గింది, బావా.

నువ్వు వెళ్లిన కొన్నాళ్లకే నాకు అనుమానం వచ్చింది. మజ్జిగ పోస్తే గ్లాసు పక్కన పడేది. పక్కనుంచి పిలిస్తే ఉలిక్కిపడేది. వరండా మెట్టు మీద తెల్ల చీర ఆరేసి ఉందని అన్నది, అది తెల్లటి ఎండ. ఒకరోజు నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి నుదుటి మీద బొప్పి, తలుపు తెరిచి ఉందనుకున్నానని చెప్పింది. బలవంతంగా కళ్ల దవాఖానాకు తీసుకుపోయాను. నీటికాసులు అన్నారు. కంట్లో ఒత్తిడి పెరిగి, చప్పుడు చేయకుండా పక్క చూపునంతా తినేసింది. నొప్పి లేదు కనుక ఆమె ఇన్నేళ్లూ వయసని అనుకుంది. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఎదురుగా ఉన్నది మాత్రం కనిపిస్తుంది. చేతి గాజు సందులోంచి చూసినట్టు, అంత మేరే. చుట్టూ ఏమీ లేదు. మెరిసే నేల, కళ్లలో పడే లైటు ఉంటే ఆ కాస్త కూడా చెదిరిపోతుంది.

బయటికి వచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నా కొడుకు ఆడ సొరంగం తవ్వుతుండు. నేను ఈడ సొరంగంలకెళ్లి సూస్తున్న" అని నవ్వింది. తర్వాత నవ్వలేదు. "వానికి జెప్పకు. ఎన్నేండ్ల సంది అడిగి తెచ్చుకున్న పని. రెండు దిక్కులకెళ్లి తవ్వుకుంటొచ్చి కలిసే రోజు నేనుండాలె అన్నడు. జెప్తె సామాను సదురుకోని రైలెక్కుతడు. ఒట్టెయ్యి."

ఒట్టు వేశాను. నీ దగ్గర దాచడం నాకు సులువు కాలేదు. నువ్వు ఫోన్లో "అమ్మేది" అన్నప్పుడల్లా "పూజ జేస్తున్నది" అన్నాను. వీడియోలో ఆమె చూపు నీ ముఖం మీద కాకుండా ఎటో పోతుందని, నువ్వు పట్టేస్తావని ఆమెకే భయం.

ఆ వారం ఆదివారం నేను రెండు అరచేతులూ గుండ్రంగా చేసి కళ్లకు పెట్టుకుని, ఆ సందులోంచే చూస్తూ ఇల్లంతా నడిచాను. టీపాయ్ మూల మోకాలికి తగిలింది. హాల్లో అప్పటికింకా తీయని పాత తెల్లటి టైల్సు ఎక్కడ ఆగి తెల్లటి గోడ ఎక్కడ మొదలైందో తెలియలేదు. మనం ముచ్చటపడ్డ ఫొటోలన్నీ గుర్తొచ్చాయి. మర్నాడు గిరిప్రసాద్ గారి ఆఫీసుకు పోయి అంతా మార్చమన్నాను. ఎందుకు మార్చాలో ఆయన ఒక్కరికే చెప్పాను. ఆయన, "మా నాన్నగారికీ ఇదేనమ్మా. అప్పుడు నాకీ ఆలోచన రాలేదు" అన్నారు. ఆ తర్వాతే ఇదంతా. కాలికి తెలిసే బండ, వాసనకు తెలిసే కిటికీ, తడిమితే తెలిసే దర్వాజ. అత్తమ్మకు మాత్రం, "ఇప్పుడు ఇట్లాంటి సహజమైన ఇళ్లే ఫ్యాషన్ అత్తమ్మా" అని చెప్పాను.

నారపల్లిలో ఇంకొకటి కూడా జరిగింది. కలప దుకాణంలో నేను పక్కనే ఉన్నాను. ఒక్క అడుగు వెనక్కి వేశానంతే, ఆమె చెయ్యి చాచి, దొరికిన చెయ్యి పట్టుకుని, "నడువు బిడ్డా, వాడు ఎక్కువ జెప్తుండు, కొంచెం బెట్టు జేద్దాం" అంటూ ముందుకు నడిచింది. ఆ చెయ్యి ఆ దుకాణదారుది. అతను పాపం అలాగే కారు దాకా ఆమెను నడిపించుకుని వచ్చాడు. అందరం నవ్వుకున్నాం. కారులో వెనక కూర్చుని నేను ఉప్పల్ దాకా కిటికీ వైపే చూస్తూ వచ్చాను.

తర్వాత నేనొక తప్పు పని చేశాను. నడవ పొడవునా గోడకు చేతి ఎత్తులో ఒక కర్రకమ్మీ బిగించమని కనకరాజుకు చెప్పాను. నున్నగా, బాగానే చేశాడు. సాయంత్రం అత్తమ్మ నడవలోకి వచ్చి, చెయ్యి దాని మీద పడగానే ఆగిపోయింది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తడుముకుంటూ పోయింది. తిరిగొచ్చి నా ఎదురుగా నిలబడింది.

"గిది దవాఖానల ఉంటది. నడువరానోల్లు పట్టుకుంటరు."

నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది.

"అయితే బండ గుడ నా కోసమేనా? బుట్టలు నా కోసమేనా? ఫ్యాషనన్నవ్."

"అత్తమ్మా, నువ్వు పడితే..."

"నేను పడితె లేస్త. నీ ఎర్ర అల్మార్లు యేడబోయినయ్? పెండ్లైన కాడికెళ్లి ఫోన్ల బొమ్మలు సూసుకుంటున్నవ్. గా మెరుపు వంటిల్లు నీకెంత ఇష్టమో నాకు తెల్వదా? నీ ఇల్లంత నాకు రాసిచ్చి, నువ్వేం ఉంచుకున్నవ్ బిడ్డా?"

తన గదిలోకి పోయి పడుకుంది. అన్నం తినలేదు. మరునాడు కూడా గడప దాటలేదు. నేను సెలవు పెట్టి ఇంట్లోనే ఉండిపోయాను. మధ్యాహ్నం పోయి ఆమె మంచం దగ్గర కింద కూర్చున్నాను. అబద్ధం చెప్పి లాభం లేదని ఉన్నదే చెప్పాను. ఆ ఎర్ర అరలు వద్దన్న రోజు నిజంగానే ఏడ్చానని చెప్పాను. కానీ మా ల్యాబు ఆమె చూసిందే కదా. నేల తెల్లన, గోడ తెల్లన, పొద్దంతా నెత్తి మీద ట్యూబులైట్లు. అందులోంచి వచ్చి చెప్పులు విప్పి ఆ చల్లటి గరుకు బండ మీద కాలు పెట్టినప్పుడు, ఒకరోజు నాకే తెలియకుండా నా భుజాలు దిగాయి. అప్పటి నుంచి గేటు దగ్గరే చెప్పులు విప్పేస్తున్నాను. మనం ఫొటోల్లో చూసిన ఇల్లు ఇంకొక ల్యాబే అయి ఉండేది.

అత్తమ్మ మంచం మీద లేచి కూర్చుంది. తర్వాత నా తల మీద చెయ్యి వేయబోతే అది చెవి మీద పడింది. చెవినే పట్టుకుని, "గా కట్టె తీపిస్తవా?" అన్నది.

"తీపిస్తా."

"అయితే జాజు తెప్పియ్యి. ముగ్గుపిండి గుడ."

నీకు గుర్తుందో లేదో, క్వార్టర్లో ఉన్నప్పుడు కూడా ఆమె ప్రతి పండక్కీ గోడల అడుగున ఎర్రమన్ను జాజు పూసి, దాని మీద తెల్లటి ముగ్గు పెట్టేది. రైల్వేవాళ్లు వచ్చి సున్నం కొట్టిపోయేవాళ్లు, ఆమె మళ్లీ పెట్టేది. ఇప్పుడు కర్రకమ్మీ ఊడదీసిన చోట, నడవ పొడవునా చేతి ఎత్తులో జాజు పట్టె వేస్తానన్నది. నేను చేస్తానంటే ఒప్పుకోలేదు. ఎర్రమన్ను, సున్నం, బంక కలిపి చిక్కగా చేయించుకుంది. గిన్నె నడుముకు ఆనించుకుని, గోడకు ముఖం దగ్గరగా పెట్టి, కనిపించినంత మేర పూస్తూ, ఒక్కో అడుగూ ముందుకు జరుగుతూ పోయింది. ఎరుపు ఆరాక దాని మీద వేళ్లతో తెల్ల చుక్కలు, గొలుసులు, చిలక ముక్కులు. చుక్కలు ఉబ్బెత్తుగా, తగిలితే తెలిసేలా పెట్టింది. పసుపు గోడ మీద ఆ ఎరుపు నడవంతా పండగలాగా ఉంది.

మలుపు దగ్గర పట్టె కొంచెం కిందికి జారింది. గిరిప్రసాద్ గారు చూసి, "అమ్మా, టేపు అంటించి ఆ ఒక్కచోటా సరిచేయిస్తాను" అన్నారు.

"నీ టేపు నీ తాననే ఉంచుకో. ఆడ నేను తుమ్మిన. తుమ్మినట్టు నాకు గుర్తుండాలె."

ఆయన ఫొటో తీసుకుని వెళ్లారు. రెండు వారాల్లో మళ్లీ వచ్చారు, ఈసారి పని మీద కాదు, అడగడానికి. నారపల్లి దగ్గర గేటు వేసిన వెంచర్లో ఒక విల్లా పని చేయిస్తున్నారట. ఆ ఇంటావిడ ఫొటో చూసి తమ వరండాకు అదే కావాలన్నదట. కాగితం మీద అచ్చువేసి అంటించేది కాదు, అత్తమ్మ చేతిదే. నేను ఎలా కాదనాలా అని ఆలోచిస్తుంటే అత్తమ్మ లోపలికి పోయి చీర మార్చుకుని వచ్చింది.

నేనూ వెంట పోయాను. ఆ ఇంటావిడ చాలా మర్యాదస్తురాలు. కుర్చీ వేసి, మంచినీళ్ల గ్లాసు పక్కనుంచి అందించింది. అత్తమ్మ తీసుకోలేదు. ఆవిడ తికమకపడుతుంటే అత్తమ్మ తనంతట తానే చెప్పింది.

"అమ్మా, నాకు పక్కలు కనపడయి. ముంగటికెళ్లి ఇయ్యి. ఏమనుకోకు."

అంత మామూలుగా అన్నది. బయటివాళ్లకు ఆమె ఆ మాట చెప్పడం నేను వినడం అదే మొదలు. ఆవిడ ముందుకు వచ్చి ఇచ్చింది. అత్తమ్మ తాగి, కొంగు నడుముకు చెక్కి, పని మొదలుపెట్టింది. సాయంత్రం దాకా ఆ ఇంట్లో అందరి మీదా ఆమె పెత్తనమే. "గోడ గిట్ల నున్నగ ఉంటె జాజు నిలువది, గరుకు జెయ్యున్రి" అని గిరిప్రసాద్ గారి మనుషులను రెండుసార్లు వెనక్కి పంపింది. పోయేటప్పుడు ఆవిడ చీర పెడితే, రంగు దగ్గరగా చూసుకుని, "ఇంకో రంగు లేదా" అని అడిగి మార్పించుకుంది కూడా.

తిరిగొస్తుంటే ఉప్పల్ చౌరస్తా దగ్గర బండ్లు ఆగిపోయాయి. మెట్రో స్తంభం పక్కన ఇరుక్కున్నాం. అప్పుడు అన్నది.

"ఎరుగని ఆమెకు జెప్పిన. నా కొడుక్కు జెప్పకపోతె యెట్ల?"

"నేను రాయాలా, నువ్వే ఫోన్లో చెప్తావా?"

"నువ్వు రాయి. ఫోన్ల అయితే వాడు ఏడుస్తడు, నేను ఏడుస్త, సిగ్నల్ పోతది."

అందుకే రాస్తున్నాను. ఒట్టు ఆమె తీసేసింది. ఇన్నాళ్లు దాచినందుకు నువ్వు నా మీద అలిగితే అలుగు. కానీ ఈ ఉత్తరం చదవగానే సెలవు రాయకు. ఇది నా మాట కాదు, ఆమె ఆజ్ఞ. చుక్కల మందు తప్పకుండా వేస్తున్నాను. పోయిన నెల పరీక్షలో ఒత్తిడి అదుపులోకి వచ్చిందని, ఉన్న చూపు ఉన్నట్టే ఉందని డాక్టరమ్మ అన్నది. ఇంట్లో ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరుగుతున్నది. నిన్న నేను వెతుకుతున్న శనగపప్పు డబ్బా ఆమే తీసి ఇచ్చింది.

నువ్వు రావద్దనడానికి అసలు కారణం వేరే ఉంది. మేమే వస్తున్నాం.

రెండు వైపుల నుంచి సొరంగం కలిసే రోజు దసరా తర్వాత ఉండొచ్చని నువ్వు రాసింది చదివి వినిపించినప్పుడు, అత్తమ్మ ఆ వాక్యం మళ్లీ చదవమన్నది. తర్వాత, "గది నేను సూడాలె. ఉన్న సూపు అల్మార్ల బెట్టి ఏం జేస్త? నా కొడుకు కొండకు పెట్టిన బొక్క సూస్త" అన్నది. నేను ఎంత దూరమో, ఎంత చలో చెప్పాను. రైల్వేలో బతుకంతా గడిపినామెకు రైలు దూరం చెప్పొద్దని నన్నే కసిరింది. డాక్టరమ్మను అడిగాను, మందు మరవకుండా పోయి రమ్మన్నది. గువాహటి దాకా రైలుకు వస్తాం. అక్కడి నుంచి కళ్యాణ్ జీపు మాట్లాడతానన్నాడు. సొరంగం నోటి దగ్గర దాకా ఆడవాళ్లను రానిస్తారేమో మీ సారును అడుగు. కాదంటే అత్తమ్మే వచ్చి అడుగుతానంటున్నది, కాబట్టి నువ్వే అడగడం మంచిది. తారీఖు ఖాయం కాగానే కబురు పెట్టు.

రెండు సంగతులు మాత్రం ఇప్పుడే చెప్తాను, మరిచిపోకు. మేము దిగినప్పుడు నువ్వు పరుగెత్తుకుని వచ్చి పక్కనుంచి ఆమె భుజం పట్టుకోకు, భయపడుతుంది. దూరం నుంచే "అమ్మా" అని పిలువు. తర్వాత నడిచి వచ్చి, ఆమెకు సూటిగా ఎదురుగా నిలబడి, కాసేపు కదలకు. ఆమె నీ ముఖం అంతా చూసుకునే దాకా.

ఇట్లు,
నీ రాక కోసం కాక, నీ దగ్గరికి రావడం కోసం ఎదురుచూస్తున్న
నీ మరదలు, నీ భార్య
హిమజ